స్టెంటు వలన ఆయువు పెరుగునా?

పట్టణములందలి పెద్ద ఆసుపత్రులలో నేడు ప్రతిదినము జరుగు దృశ్య మొకటి కలదు. లోపలిగదిలో రోగి బల్లపై పరుండి యుండును. అతని మణికట్టు నుండి గాని తొడ నుండి గాని సన్నని గొట్టము గుండె వఱకు పోయి యుండును. వైద్యుడు వెలుపలికి వచ్చి, వరండాలో నిలుచున్న భార్యను, కుమారుని పిలిచి, తెరమీద ఎండుకొమ్మవలె కనబడు రక్తనాళమును చూపి, "ఇచ్చట ఎనుబది శాతము మూసికొనిపోయినది, స్టెంటు వేయవలెను, ఇప్పుడే వేసిన మేలు" అనును. చేతికి కాగితము వచ్చును. వేయకున్న ఏమగునని యడుగుటకు ధైర్యము చాలదు. అడిగినను, "ఎప్పు డేమగునో చెప్పలేము" అను ప్రత్యుత్తరమునకు ఎదురు చెప్పగలవా డెవ్వడు? పది నిమిషములలో సంతకము జరిగిపోవును. ఆ సంతకము చేసినవారు తాము ఒక ప్రాణమును నిలిపితిమనియే నమ్మి ఇంటికి పోవుదురు.

ఆ నమ్మకములో సగము నిజము, సగము భ్రమ. ఏ సగము ఏ రోగికి వర్తించునో చెప్పకుండుటయే మా ఫిర్యాదు. గుండెపోటు వచ్చి, ధమని పూర్తిగా మూతపడి, గుండెకండ నిమిషనిమిషమునకు చచ్చుచున్న రోగికి స్టెంటు ప్రాణదాత. నడచినపుడు నొప్పి, నిలిచినపుడు నెమ్మదియై, నెలల తరబడి ఒకే తీరున నున్న రోగికి అది నొప్పిని తగ్గించు సాధనము. అతని ఆయువును పెంచినట్లు ఇంతవఱకు జరిగిన పెద్ద పరీక్ష లేవియు చూపలేదు. ఈ రెండు మాటలను విడదీసి చెప్పినచో వరండాలోని కుటుంబము నెమ్మదిగా ఆలోచింపగలదు. కలిపి చెప్పినచో భయమే సంతకము చేయును.

పరికరమును మేము నిందింపబోవుట లేదు. 1977 సెప్టెంబరు 16వ తేదీన జ్యూరిక్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ అను వైద్యుడు, మెలకువగా నున్న మనుష్యుని హృద్ధమనిలో చిన్న బెలూను నూది, ఇరుకైన చోటును మొదటిసారి వెడల్పు చేసెను. ఊదినచోట ధమని మరల ముడుచుకొనుచుండుట చూచి, 1986లో జాక్ ప్యుయెల్, ఉల్రిక్ సిగ్‌వార్ట్ అను వైద్యులు లోహపు జాలీని లోపలనే వదలిపెట్టు పద్ధతి నారంభించిరి. ఆ జాలీయే స్టెంటు. పిమ్మట మందు పూసిన స్టెంట్లు వచ్చి, ఆ ముడుచుకొను దోషమును చాలవఱకు తగ్గించినవి. మన హైదరాబాదులోనే 1990 దశకమున అబ్దుల్ కలాముగారును, హృద్రోగ వైద్యులు సోమరాజుగారును కలసి, రక్షణశాఖ పరిశోధనలలో పెంపొందిన లోహవిద్యను వైద్యమునకు మళ్లించి, విదేశీ సరుకు కంటె చౌకగా స్వదేశపు స్టెంటును చేయించిరి. అది ఆ యిద్దఱి పేరనే ప్రసిద్ధికెక్కినది. మనము గర్వింపదగిన కార్యమే. కాని మంచి గొడ్డలి చేతనున్నదని ప్రతి చెట్టును కొట్టరు గదా!

గుండెపోటు సంగతి ముందు చెప్పెదము. ఇందు సందేహమునకు తావు లేదు. 1988లో ప్రకటితమైన ఐసిస్-2 అను పరీక్షలో 17,187 మంది రోగులు పాల్గొనిరి. గడ్డను కరగించు స్ట్రెప్టోకైనేజు గాని, ఆస్పిరిను గాని ఇయ్యని వారిలో అయిదు వారములలో గుండె, రక్తనాళ సంబంధమైన మరణములు 13.2 శాతము, రెండును ఇచ్చిన వారిలో 8 శాతము. ఇది మందుల వలననే కలిగిన మేలు. ఆ మందుల కంటె బెలూనును స్టెంటును మేలా యని తరువాత విచారించిరి. 23 పరీక్షలను, 7,739 మంది రోగులను ఒక్కచోట చేర్చి 2003లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన లెక్క ప్రకారము, మందుతో గడ్డ కరగించిన వారిలో కొలదికాలమున మరణించినవారు 9 శాతము, వెంటనే బెలూను చికిత్స పొందినవారిలో 7 శాతము. నూటికి ఇద్దఱు మిగిలిరి. ఇద్దఱే గదా యని ఆ యిద్దఱి యింటివారి యెదుట అనగలవా రుందురా? కావున రొమ్ములో బరువు పెట్టినట్లు నొప్పి వచ్చి, చెమటలు పట్టి, నిలిచినను తగ్గనపుడు స్టెంటు వలదని ఎవరైన సలహా చెప్పినచో, అది ఈ వ్యాసమును చూపి చెప్పినను, వినవలదు. ఇంతకుముందు నడచినపుడే వచ్చు నొప్పి కూర్చున్నపుడును రాజొచ్చినను, దినదినము హెచ్చుచున్నను అంతే. వెంటనే ఆసుపత్రికి పోవలసినదే.

ఇక రెండవ రోగి. వాని విషయమున మన బుద్ధి సులభముగా తప్పుదారి పట్టుటకు కారణము కలదు. కృష్ణా గోదావరి డెల్టాలలో పుట్టిన మనకు కాలువ సంగతి చిన్ననాటి నుండి తెలియును. పూడిక పడిన నీరు పాఱదు. పూడిక తీసిన పాఱును. గుండెధమనియు అట్టి కాలువయే యని, వైద్యుడు పూడిక తీసినాడు గావున ఇక భయము లేదని తలచుదుము. నొప్పి మట్టుకు ఈ పోలిక సరిపోవును. రక్తము చాలనిచోట రక్తము పాఱిన నొప్పి తగ్గును. కాని మనుష్యుని చంపునది తఱచుగా ఈ పూడిక కాదు. కాలువకు గండి పడుట యెట్టిదో, ధమని లోపలి గోడలో దాగియున్న క్రొవ్వుపొర చిట్లి, అచ్చట నెత్తురు గడ్డకట్టి, క్షణములలో దారి మూసికొనిపోవుట అట్టిది. గండి పడుచోటు పూడిక యున్నచోటే కానక్కఱలేదు. యాంజియోగ్రాములో ముప్పది నలువది శాతమే ఇరుకుగా కనబడి ఎవ్వరును పట్టించుకొనని చోటనే అది సంభవింపవచ్చును. ఒకచోట జాలీ వేసినచో ఆ యొక్క బారకు రక్షణ. తక్కిన మైళ్ల పొడవున గట్టును కాచునది నెత్తురులోని క్రొవ్వును తగ్గించు మాత్ర, రక్తపుపోటును అణచు మాత్ర, ఆస్పిరిను, చుట్ట బీడీలు మానుట, నడక. స్టాటిను మాత్రల విషయమున 1994లోనే 4,444 మంది హృద్రోగులపై స్కాండినేవియా దేశములలో జరిగిన పరీక్ష మరణములు 12 శాతము నుండి 8 శాతమునకు తగ్గినట్లు తేల్చినది. చిన్న మాత్ర! దానికొఱకు ఎవ్వరును పొల మమ్మరు; అందుచేతనే కాబోలు దానికి గౌరవము లేదు.

ఊహలు ఎట్లున్నను, లెక్కలు చూడవలెను గదా. 2007లో ప్రకటింపబడిన కరేజ్ పరీక్ష అమెరికా, కెనడా దేశములలో జరిగినది. నిలకడగా నున్న 2,287 మంది రోగులను, చీట్లు వేసి పంచినట్లు, రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు మంచి మందులు; రెండవ జట్టునకు అవే మందులతో పాటు స్టెంటు. సుమారు నాలుగున్నర యేండ్లు కనిపెట్టి చూచిన పిమ్మట మరణము గాని గుండెపోటు గాని కలిగినవారు స్టెంటు జట్టులో 19 శాతము, మందుల జట్టులో 18.5 శాతము. భేదము లేదన్నమాట. వైద్యలోకమున గొప్ప అలజడి పుట్టినది. మధుమేహరోగులలో వేఱుగా నుండునేమో యనిరి. 2009లో బారీ-2డి పరీక్ష 2,368 మంది మధుమేహరోగులపై అదే మాట చెప్పినది. తీవ్రమైన కొఱత యున్నవారిని ఏరి చూడలేదనిరి; ఆ కొఱతయు తీరినది. జూడిత్ హాక్‌మన్ నాయకత్వమున, మన దేశముతో సహా 37 దేశములలో 5,179 మంది రోగులపై ఇస్కీమియా అను పరీక్ష జరిగినది. ఇందు చేరినవారందఱును, గుండెకు రక్తము చాలుట లేదని పరీక్షలలో స్పష్టముగా తేలినవారు. 2020లో ఫలితములు అచ్చుపడినవి. యాంజియోగ్రాము చేసి స్టెంటో బైపాసో ముందుగనే చేసిన జట్టులో మరణించినవారు 145 మంది. మందులతోనే మొదలిడిన జట్టులో 144 మంది.

ప్రతిపక్షవాదమును దాచిపెట్టుట న్యాయము కాదు. అదే రోగులను మఱికొంతకాలము కనిపెట్టి 2022లో ప్రకటించిన లెక్కలో, ఏడేండ్లకు గుండె సంబంధమైన మరణములు స్టెంటు జట్టులో కొంత తక్కువ, 8.6 శాతమునకు 6.4 శాతము, గుండెకు సంబంధింపని మరణములు మాత్రము ఆ జట్టులోనే కొంత ఎక్కువ. మొత్తము మరణములు 12.7 శాతము, 13.4 శాతము, ఈ భేదమును శాస్త్రము భేదముగా ఎంచదు. మొదటి అంకెను మాత్రమే పట్టుకొని విజయభేరి మ్రోగించువారున్నారు. యముడు ఏ వాకిట వచ్చినను వచ్చుట వచ్చుటయే! మఱికొందఱు ఈ వయస్సువారికి మేలు, ఆ రకమువారికి మేలు అని లెక్కలను ముక్కలుగా కోసి చూపుదురు. ఇట్టి కోతను గూర్చి పైన జెప్పిన ఐసిస్-2 పరిశోధకులే మంచి హాస్యమాడిరి. రోగులను జన్మరాశుల వారీగా విభజించి చూడగా, మిథునరాశి, తులారాశి వారికి మాత్రము ఆస్పిరిను పనిచేయనట్లు తేలినదట! పంచాంగము చూచి మాత్ర మ్రింగవలెనని వారి భావము కాదు; తగినంత సన్నగా తఱిగినచో ఏ లెక్కయైనను ఏదో యొక వింత చూపునని.

అయినచో స్టెంటు వేసినవెంటనే రోగికి హాయిగా నుండుట అబద్ధమా? కాదు. కాని ఆ హాయిలో ఎంత జాలీది, ఎంత మనస్సుది యను ప్రశ్న యున్నది. ఇది క్రొత్త ప్రశ్నయు కాదు. రొమ్ములోని ఒక ధమనిని కట్టివేసినచో గుండెకు రక్తము హెచ్చునని ఒకప్పుడు శస్త్రచికిత్స చేయుచుండిరి. రోగులు బాగున్నదని సంతోషించుచుండిరి. 1959లో లెనార్డ్ కాబ్ అను వైద్యుడును, ఆయన సహచరులును 17 మంది రోగులలో కొందఱికి ధమనిని కట్టి, కొందఱికి చర్మమును మాత్రమే కోసి కుట్టి చూచిరి. ఉభయులకును ఒకే విధముగా బాగున్నది! ఆ శస్త్రచికిత్స అంతటితో అంతరించినది. స్టెంటునకు అట్టి అగ్నిపరీక్ష చాలకాలము తరువాత గాని జరుగలేదు. 2017లో లండనులో రషా అల్-లామీ అను వైద్యురాలు, ఒక్క ధమనిలో తీవ్రమైన ఇరుకు గల 200 మందిని తీసికొని, ముందు ఆఱు వారములు మందులు చక్కగా కుదిర్చి, పిదప అందఱిని బల్లపై పరుండబెట్టి, చెవులకు సంగీతము పెట్టి, మత్తిచ్చి, సగము మందికి స్టెంటు వేసి, సగము మందికి వేసినట్లు నటించెను. ఆఱు వారములకు నడక యంత్రముపై నడిపించి చూడగా, స్టెంటు వారు మునుపటి కంటె 28.4 సెకనులు, నటన వారు 11.8 సెకనులు అదనముగా నడచిరి. ఆ భేదము కాకతాళీయము కావచ్చునని గణితము తీర్పు చెప్పినది.

ఆమెయే 2023లో రెండవ పరీక్ష జరిపినది. ఈసారి 301 మంది రోగులకు గుండెనొప్పి తగ్గించు మందులు ఆపివేసి, అదే విధముగా స్టెంటును నటనతో పోల్చిరి. స్టెంటు నొప్పిని నిజముగనే తగ్గించినట్లు తేలినది. పండ్రెండు వారములకు నొప్పి లేనివారు స్టెంటు జట్టులో నూటికి 40 మంది, నటన జట్టులో 15 మంది. స్టెంటు గెలిచినది, కాని అది వేసిన పిమ్మటను నూటికి 60 మందికి నొప్పి మిగిలియున్నదను సంగతియు అందులోనే యున్నది. మందులు పడనివారికి, మందులు వాడినను నొప్పి తగ్గక దినచర్య సాగనివారికి ఈ చికిత్స ఒక వరమే యని మేము ఒప్పుకొందుము. మెట్లెక్కలేక, మనుమని ఎత్తుకొనలేక కుములుచున్న మనుష్యునికి ఆ బాధ తగ్గుట చిన్న సంగతి కాదు. మందులతో మొదలిడినవారిలో కొందఱు తరువాత స్టెంటునకు వచ్చుటయు కలదు. కరేజ్ పరీక్షలో సుమారు మూడవ వంతు మంది అట్లు వచ్చిరి. ఆలస్యము చేసినందులకు వారు ఆయువు కోల్పోలేదు.

ఈ మాటలు ఎవ్వరికి వర్తింపవో కూడ చెప్పవలెను. గుండె ఎడమభాగమునకు రక్తము పోవు ప్రధాన ధమని మొదటనే ఇరుకైనవారిని ఇస్కీమియా పరీక్షలో చేర్చుకొనలేదు. వారి దారి వేఱు. మధుమేహముండి అనేక ధమనులు చెడినవారికి బైపాసు శస్త్రచికిత్సయే మేలని 2012లో ఫ్రీడమ్ పరీక్ష చెప్పినది. అయిదేండ్లలో మరణములు స్టెంటు వారిలో 16.3 శాతము, బైపాసు వారిలో 10.9 శాతము. అట్టి రోగికి రొమ్ము కోయనక్కఱలేదని ఆశ చూపి నాలుగైదు స్టెంట్లు వేయువారు అతనికి మేలు చేయుచున్నారో కీడు చేయుచున్నారో ఆలోచించుకొనవలెను.

రోగులు ఏమి నమ్ముచున్నారు? 2010లో అమెరికాలో ఒక ఆసుపత్రి రోగులను అడిగి చూడగా, ఈ చికిత్సకు సమ్మతించిన నిలకడ రోగులలో నూటికి 88 మంది, దీనివలన గుండెపోటు తప్పునని నమ్ముచుండిరి. విద్యావంతుల దేశమున అట్లుండగా మన వరండాలలో వేఱుగా నుండునా? మా మిత్రులొకరు, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులు, మెట్లెక్కునపుడు రొమ్ము పట్టివేసినట్లుండి నిలువగనే తగ్గుచున్నదని ఆసుపత్రికి పోయిరి. ఆ పూటనే రెండు స్టెంట్లు పడినవి. కుమారుడు అరయెకరము మామిడితోట అమ్మినాడు. మందులు వాడి చూడవచ్చునను మాట తండ్రికిని చెప్పలేదు, కుమారునికిని చెప్పలేదు. అప్పునకు మేము అంత బాధపడలేదు. నాలుగు నెలలకు ఆయన మా యింటికి వచ్చి, మజ్జిగ పుచ్చుకొని, తాపీగా, "ఇక ఈ మాత్ర లెందుకండీ? స్టెంటు వేసినారు గదా!" అనగా మాకు గుండె జల్లుమన్నది. స్టెంటు వేసినవాడు నెత్తురు గడ్డకట్టకుండ వాడు మాత్రలను వైద్యుని మాట లేక మానినచో ఆ జాలీలోనే గడ్డకట్టి ప్రాణము పోవచ్చును. ఆయువు పోసినారను భ్రమ ఆయువునే తీయునంతటి స్థితికి తెచ్చినది. ఆయన మా మాట విని మాత్రలు మరల మొదలుపెట్టిరి గాని, మా యింటికి రానివా రెందఱో!

ఇందు డబ్బు ప్రసక్తి తప్పదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వపు ఔషధ ధరల సంస్థ మందు పూసిన స్టెంటునకు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటునకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా విధించినది. అంతకుముందు మందు పూసినదానికి లక్షకు పైబడి వసూలు చేయుచుండిరి. తరువాత ఆ పరిమితి కొంత పెరిగినను, ఈ నిర్ణయము ప్రశంసింపదగినదే. కాని అక్కఱలేని వస్తువు చౌకగా దొరకుటలో లాభ మెంత? ధరకు హద్దు పెట్టిన ప్రభుత్వము, అవసరమునకు కొలత పెట్టలేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రమున వెలసిన ఆరోగ్యశ్రీ పేదవానికి పెద్ద ఆసుపత్రి తలుపు తెఱచినది. ఆ పుణ్యమును ఎవ్వరు కాదనలేరు. అయితే అట్టి పథకములలో బల్లమీద జరుగు చికిత్సకు డబ్బు సులభముగా కదలును. జీవితాంతము ఇంటివద్ద మ్రింగవలసిన మాత్రకు కదలదు. డబ్బు ఎటు పాఱునో వైద్యమును అటే పాఱును.

నిజముగ ప్రాణములు పోవుచున్న చోటు వేఱుగా నున్నది. 2008లో ప్రకటితమైన క్రియేట్ అను పరిశీలనలో మన దేశపు 89 ఆసుపత్రులకు వచ్చిన 20,468 మంది గుండెపోటు, తీవ్ర గుండెనొప్పి రోగుల వివరములు కలవు. నొప్పి మొదలైనది మొదలు ఆసుపత్రి చేరుటకు సగము మందికి ఆఱు గంటలు, అంతకు మించి పట్టినది. ముప్పది దినములలో పేదవారిలో 8.2 శాతము, ధనికులలో 5.5 శాతము మరణించిరి. పొందిన చికిత్సలలోని తేడాను లెక్కలోనికి తీసికొనగా ఆ భేదము మాయమైనది. అనగా పేదవాని గుండె బలహీనము కాదు. వానికి అందవలసినది అందలేదు. ఆ పిదప 108 బండ్లు విస్తరించినవి, మంచిదే. అయినను గిరిజన గ్రామమున, సముద్రతీరపు లంకలో నడిరాత్రి రొమ్ము పట్టుకొని కూలబడిన మనుష్యునికి ఇ.సి.జి. తీయువా డెవడు, గడ్డ కరగించు సూది వేయువా డెవడు? నిలకడ రోగికి తొందరపడి వేసిన ప్రతి స్టెంటు ఖర్చును ఈ ప్రశ్న యెదుట నిలిపి చూడవలెను.

కావున ప్రభుత్వములు చేయవలసినది కొంత స్పష్టముగనే యున్నది. గుండెపోటు లేని రోగికి యాంజియోగ్రాము తీసిన గంటలోనే స్టెంటునకు సంతకము పుచ్చుకొనరాదని నియమము పెట్టవలెను. రోగి బల్ల దిగవలెను, ఇంటికి పోవలెను, ఫలితము కాగితముపై తెలుగులో చేతికందవలెను. ఆ కాగితముపై రెండు వాక్యములు తప్పక యుండవలెను: ఈ చికిత్స మీ నొప్పిని తగ్గింపవచ్చును, మీ ఆయువును పెంచునని రుజువు లేదు. ప్రజాధనముతో వేయు ప్రతి స్టెంటునకును, అంతకుముందు ఏయే మందులు ఎన్ని వారములు వాడిరో వ్రాసి చూపవలెను. పాఠకులును ఊరకుండరాదు. వరండాలో నిలిచినవారు, "అయ్యా, ఇది గుండెపోటా, కాదా? కాకున్న మందులతో మూడు నెలలు చూడవచ్చునా? ప్రధాన ధమని బాగున్నదా?" అని మూడు ప్రశ్న లడిగినచో తప్పేమియు లేదు. ఈ ప్రశ్నలకు కోపగించుకొనని వైద్యులు మన రెండు రాష్ట్రములలోను చాలమంది యున్నారు.